అమ్మకో నాన్నకో మానసిక జబ్బు చేస్తే పిల్లల మాటేమిటి?

మా మానసిక వైద్య విభాగంలో సాయంత్రం 4 గంటల నుండి బంధువులను లోపలికి పంపిస్తాము. ఆ వేళప్పుడు మెట్ల దగ్గర ఒక్కోసారి చిన్నపిల్లలు కూర్చొని కనిపిస్తారు. పెద్దవాళ్ళు వాళ్ళను కిందనే ఉంచి పైకి వచ్చేస్తారు. ఒకరోజు అలా కూర్చున్న ఏడేళ్ళ బాబును "ఎవరికోసం వచ్చావు నాన్నా?" అని అడిగాను. "మా అమ్మమ్మ పైకెళ్ళింది. మా అమ్మ ఊరికెళ్ళిందంట" అన్నాడు. కాసేపాగి మళ్ళీ వాడే అడిగాడు: "ఊరికెళ్తే చెప్పులేసుకుని వెళ్తారు కదా సిస్టర్? అమ్మ చెప్పులు ఇంట్లోనే ఉన్నాయి."

ఆ బాబు తల్లి అప్పటికి పది రోజులుగా పై వార్డులోనే ఉన్నది. ఆమె కూడా రోజూ నన్ను ఒకటే అడిగేది: "బాబు అన్నం తింటున్నాడా సిస్టర్?" తల్లి పైన, కొడుకు కింద. మధ్యలో ఇరవై మెట్లు, ఒక అబద్ధం. ఆ అబద్ధం చెప్పిన అమ్మమ్మ చెడ్డ మనిషి కాదు. మనవడి మనసు నొచ్చుకోకూడదనే చెప్పింది.

మీలో చాలామంది ఇదే పరిస్థితిలో మా దగ్గరకు వస్తారు. భార్యను, కోడలిని, కూతురిని, లేదా కొడుకును, భర్తను తీసుకొని వస్తారు. వైద్యం గురించి అడుగుతారు, ఖర్చు గురించి అడుగుతారు, ఎన్నాళ్ళు పడుతుందని అడుగుతారు. పిల్లల సంగతి మాత్రం మేము అడిగేదాకా ఎత్తరు. కొందరికి మేము అడిగితే విసుగు కూడా వస్తుంది. "పేషెంటు సంగతి చూడండి సిస్టర్, పిల్లలు బాగానే ఉన్నారు" అంటారు. అందుకే ఆ ప్రశ్నలు ఎందుకు అడుగుతామో, ఒక మానసిక ఆరోగ్య నర్సు తల్లిదండ్రులైన రోగులకు ఏమేమి చేస్తుందో, అందులో మీ పాలు ఎంతో ఇక్కడ చెబుతాను.

చేర్చుకున్న రోజున అడిగే ప్రశ్నలు

పిల్లలెంతమంది? వయసెంత? ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నారు? రాత్రి ఎవరి పక్కన పడుకుంటున్నారు? బడికి వెళ్తున్నారా? అమ్మకు ఏమైందని వాళ్ళకు చెప్పారు? జబ్బు ఎక్కువైనప్పుడు జరిగినదంతా వాళ్ళు కళ్ళారా చూశారా?

ఇవి ఊసుపోక అడిగేవి కావు. తల్లి మంచం మీద పడుకొని ఉన్నా ఆమె మనసు ఇంట్లోనే ఉంటుంది. మందు వద్దని తోసేసే తల్లిని కూర్చోబెట్టి నిదానంగా అడిగితే, "ఈ మాత్ర వేసుకుంటే తెల్లవారి లేవలేను సిస్టర్. పాపకు బడి బస్సు ఏడున్నరకే వస్తుంది" అంటుంది. అది మొండితనం కాదు, తల్లితనం. ఆ మాట మేము డాక్టరుగారి చెవిన వేస్తే, కొన్ని మందుల వేళ మార్చడమో, రాత్రి కొంచెం ముందుగా ఇవ్వడమో చేస్తారు. వైద్యం పూర్తికాకుండానే ఇంటికి పంపమని పట్టుబట్టే తల్లిదండ్రులలో చాలామంది వెనుక ఇలాంటి కారణమే ఏదో ఉంటుంది. బడి ఫీజు కట్టే తేదీ కావచ్చు, పిల్లకు జ్వరమని ఫోనులో విన్న మాట కావచ్చు. పిల్లలు ఎక్కడ ఉన్నారో, ఎలా ఉన్నారో తెలిసిన తల్లి మందు మింగుతుంది, నిద్రపోతుంది.

ఇంకొక భయం కూడా వాళ్ళకు ఉంటుంది. జబ్బు సంగతి పూర్తిగా చెబితే పిల్లలను తననుండి తీసేసుకుంటారేమోనని. అత్తవారింట్లో ఎవరో ఆ మాట ముందే అని ఉంటారు. కాబట్టి ఆమె సగమే చెబుతుంది. మేము పోలీసులం కాము, తీర్పులు చెప్పేవారమూ కాము అని ఆమెకు నమ్మకం కలగడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మీరు దయచేసి "నువ్విలా ఉంటే పిల్లల్ని మా ఊరు తీసుకుపోతాం" అని బెదిరించవద్దు.

పిల్లలకు ఏమి చెప్పాలి?

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, వేరే చోట పనిచేస్తున్నప్పుడు, ఒక పాప వార్డుకు ఫోను చేసి "మా అమ్మతో మాట్లాడతాను" అన్నది. ఆ పూట తల్లి మాట్లాడే స్థితిలో లేదు. "అమ్మ పనిమీద బయటకు వెళ్ళిందమ్మా" అన్నాను. మరునాడూ అదే చెప్పాను. మూడో రోజు ఆ పాప ఫోను చేయలేదు. తల్లి ఇంటికి వెళ్ళాక, "నన్ను వదిలేసి తిరగడానికి వెళ్ళావు" అని చాలాకాలం దగ్గరకు రాలేదట. ఆ తల్లే మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు నాతో చెప్పింది. ఆ తరువాత ఏ పిల్లకూ నేను అలా చెప్పలేదు.

చెప్పకపోతే పిల్లలు ఊరికే ఉండరు. తమకు తోచిన కారణం తామే అల్లుకుంటారు. ఆరేడేళ్ళ పిల్లలు అల్లుకునే కారణం సాధారణంగా ఒక్కటే: "నేను అల్లరి చేశాను, అందుకే అమ్మకు ఇలా అయింది." కోపంలో ఎవరో "మీ వల్లే నాకు పిచ్చెక్కుతోంది" అని ఉంటారు. మనం రోజూ అనుకునే మాటే. కాని తల్లికి నిజంగా జబ్బు చేసిన ఇంట్లో ఆ మాట పిల్ల మనసులో ములుకులా దిగిపోతుంది.

చిన్నపిల్లలకు నాలుగు వాక్యాలు చాలు. "అమ్మకు జబ్బు చేసింది. కడుపునొప్పి కడుపుకు వచ్చినట్టు, ఇది ఆలోచనలకు, నిద్రకు వచ్చే జబ్బు. నీవల్ల రాలేదు. ఆసుపత్రిలో మందులిస్తున్నారు, అంతవరకు నిన్ను అమ్మమ్మ చూసుకుంటుంది." కావాలంటే ఈ మాటలు మేమే మీ ఎదుట చెబుతాము. చాలా కుటుంబాలకు అలాగే చేశాము. ఎప్పటికి తగ్గుతుందని అడిగితే తేదీ చెప్పకండి. "ఆదివారానికి వచ్చేస్తుంది" అని చెప్పి, ఆదివారం రాకపోతే మీ మాట మీద నమ్మకం పోతుంది.

పది పన్నెండేళ్ళు దాటినవారి ప్రశ్న వేరు. "నాకూ వస్తుందా?" అని వాళ్ళు నోరు తెరిచి అడగరు, లోపల దాచుకుంటారు. దానికి నిజమైన జవాబు ఉన్నది. స్కిజోఫ్రెనియా జబ్బునే తీసుకుంటే, సాధారణంగా వందమందిలో ఇంచుమించు ఒకరికి వచ్చే ఈ జబ్బు, తల్లికో తండ్రికో ఉన్న పిల్లల్లో వందకు సుమారు పదిమందికి రావచ్చు. అంటే ఎక్కువే. కాని మిగతా తొంభైమందికి రాదు. ఆ రెండు మాటలూ కలిపే చెప్పాలి. నిద్ర పాడుచేసుకోవద్దని, గంజాయి జోలికి అసలు పోవద్దని కూడా ఆ వయసులోనే చెప్పాలి. గంజాయి ఈ జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచుతుంది.

ఇక పిల్లలను వార్డుకు తీసుకురావచ్చా అంటే, తీసుకురావచ్చు. అయితే ముందురోజు మాకు చెప్పండి. తల్లి స్థితి చూసి, వేరే గదిలో, పావుగంటో అరగంటో ఏర్పాటు చేస్తాము. "అమ్మ కొంచెం మెల్లగా మాట్లాడుతుంది, చేతులు వణుకుతాయి, అది మందువల్ల" అని పిల్లకు ముందే చెబుతాము. ఒక నర్సు అక్కడే ఉంటుంది. మెట్ల మీద కూర్చున్న ఆ బాబును కూడా అలాగే పైకి తీసుకువెళ్ళాము. పెద్ద ఏడుపులేమీ జరగలేదు. వాడు అమ్మ మంచం పక్కన నిలబడి, "నా డ్రాయింగు పుస్తకం ఎక్కడ పెట్టావు?" అని అడిగాడు. "బీరువా మీద, పాత పేపర్ల కింద" అన్నదామె. అమ్మమ్మ రెండు వారాలుగా వెతుకుతున్న పుస్తకం అది.

బాలింత విషయంలో ఆలస్యం వద్దు

ప్రసవం తరువాత కొంచెం దిగులు, కారణం లేకుండా కన్నీళ్ళు చాలామంది తల్లులకు వస్తాయి, కొద్దిరోజుల్లో పోతాయి. అది వేరు. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే అది డిప్రెషన్ కావచ్చు, చూపించాలి. మూడోది, అన్నిటికంటె తీవ్రమైనది, వెయ్యి ప్రసవాలలో ఒకరిద్దరికి వస్తుంది. చాలావరకు మొదటి రెండు వారాలలోనే మొదలవుతుంది. బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర ఉండదు. ఉన్నట్టుండి మాట మారుతుంది. "ఈ బిడ్డ నా బిడ్డ కాదు", "ఎవరో బిడ్డను చంపడానికి వస్తున్నారు" అంటుంది. ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తున్నాయంటుంది. మన ఊళ్ళలో దీనిని గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు, మూడు నాలుగు రోజులు అక్కడే గడిచిపోతాయి. ప్రార్థన చేయించుకోండి, మొక్కు మొక్కుకోండి, మేము అడ్డురాము. కాని ఆ రోజే ఆసుపత్రికి రండి. వచ్చేదాకా బిడ్డను తల్లి దగ్గర ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలవద్దు. ఇది వైద్యానికి బాగా లొంగే జబ్బు. ఆలస్యమే దీనిలో ప్రమాదం.

చేర్చుకున్న తరువాత బిడ్డ సంగతి ఏమిటని మీకు సందేహం కలుగుతుంది. 2017లో మన దేశంలో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 మే 29 నుండి అమలవుతున్నది. మూడేళ్ళలోపు బిడ్డను చికిత్స పొందుతున్న తల్లినుండి సాధారణంగా వేరుచేయకూడదని అందులో ఉన్నది. బిడ్డకు ప్రమాదమని డాక్టరు భావిస్తే తాత్కాలికంగా వేరుగా ఉంచవచ్చు. అప్పుడు కూడా సిబ్బందో, కుటుంబమో దగ్గరుండి తల్లికి బిడ్డను చూపిస్తూ ఉండాలి. ఆ నిర్ణయాన్ని ప్రతి 15 రోజులకు తిరిగి పరిశీలించాలి. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2009 నుండి తల్లిని, బిడ్డను కలిపి చేర్చుకునే ప్రత్యేక విభాగమే ఉన్నది.

వార్డులో మా పని ఇలా సాగుతుంది. మొదట్లో బిడ్డకు నీళ్ళు పోసేది మేము లేదా మీ ఇంటి పెద్దావిడ. తల్లి పక్కన కూర్చొని చూస్తుంది, అంతే. కాస్త కుదుటపడ్డాక బిడ్డను మేము పట్టుకుంటే ఆమె నీళ్ళు పోస్తుంది. ఆ తరువాత అంతా ఆమే చేస్తుంది, మేము పక్కనే నిలబడతాము. చివరకు గుమ్మం దగ్గర ఉంటాము. ఒక్కో మెట్టుకు ఒకరికి రెండు రోజులు పడితే ఇంకొకరికి పది రోజులు పడుతుంది. తొందరపడి "ఇప్పుడు బాగానే ఉందిగా, బిడ్డను ఇచ్చేయండి" అనేవారు ఉంటారు. "ఇక ఎప్పటికీ ఇవ్వవద్దు" అనేవారూ ఉంటారు. రెండూ సరికాదు. రాత్రి పూట మాత్రం తల్లికి నిద్ర కావాలి. రాత్రి బిడ్డను చూసుకునే పని మీలో ఒకరు తీసుకుంటే అది ఆమెకు మందుతో సమానం.

పాలిచ్చే తల్లి మందులు వేసుకోవచ్చా? కొన్ని వేసుకోవచ్చు, కొన్ని కూడదు. లిథియం వాడుతున్న తల్లికి సాధారణంగా పాలివ్వవద్దనే చెబుతారు. వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులో బిడ్డకు అవయవ లోపాలు కలిగించగలదు. కాబట్టి ఇంకొక బిడ్డ కావాలనుకున్నప్పుడే, నెల తప్పకముందే, డాక్టరుతో మాట్లాడాలి. మీ అంతట మీరు మందు ఆపవద్దు. ఆపితే జబ్బు తిరగబెడుతుంది, అది బిడ్డకు ఇంకా కష్టం. లిథియం వాడేవారు ఎండాకాలంలో నీళ్ళు బాగా తాగాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, చేతుల వణుకు ఎక్కువైనా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా తరువాతి మాత్ర వేయకముందే మాకు చూపించండి. ఒళ్ళునొప్పులకు మందుల షాపులో కొనే మాత్రలు కూడా అడగకుండా వేయవద్దు.

ఇంటికి వెళ్ళిన తరువాత

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. ఆరు వారాలుగా ఇంటిని అత్తగారో, ఆడపడుచో మోసి ఉంటారు. పిల్లలు వాళ్ళకు అలవాటుపడి ఉంటారు. తిరిగి వచ్చిన తల్లి మూలన కూర్చొని ఉంటుంది. వంట చేయబోతే "నీకెందుకు, కూర్చో" అంటారు. ప్రేమతోనే అంటారు. కాని అలా ఆమె ఆ ఇంట్లో చుట్టమైపోతుంది.

ఒక ఇంటికి నేను చూడడానికి వెళ్ళాను. కోడలికి మందులు పనిచేస్తున్నాయి, నిద్ర బాగుంది, మాట స్పష్టంగా ఉంది. అయినా రోజంతా ఊరికే కూర్చుంటున్నదని భర్త దిగులుపడ్డాడు. నేను అత్తగారితో, "పెద్దమ్మా, పొద్దున పాపకు జడలు వేసే పని ఆమెకు ఇవ్వండి, ఆ ఒక్కటి చాలు" అన్నాను. నెల తరువాత వెళితే ఆమె వేస్తూనే ఉన్నది. కాని మందువల్ల చేతులు కొంచెం వణికి పాపిడి వంకరపోతుంటే, బడికి పంపేముందు అత్తగారు ఆ జడలు విప్పి మళ్ళీ వేస్తున్నారు. "నలుగురిలో పిల్ల అలా వెళ్తే బాగుంటుందా సిస్టర్?" అన్నారు పాపం. "వంకర పాపిడితోనే వెళ్ళనివ్వండమ్మా" అని బతిమాలాను. వణుకు గురించి డాక్టరుగారికి చెప్పాను. మందు కొంచెం సవరించారు. ఆవిడ మాత్రం చాలా రోజులు నామీద కోపంగానే ఉన్నారు.

తండ్రుల సంగతి తక్కువగా మాట్లాడుతాము. జబ్బు చేసిన తండ్రిని ఇంట్లో లెక్కలోంచి తీసేయడం ఇంకా తొందరగా జరుగుతుంది. సంపాదన ఆగిందంటే మాట ఆగినట్టే. బడి నుండి వచ్చిన ప్రోగ్రెస్ కార్డు మీద బాబాయి సంతకం చేస్తాడు. ఆ సంతకం ఆయన చేతనే పెట్టించండి. ఖర్చుకు పనికిరాని పని అది, అయినా పిల్లవాడు అది చూస్తాడు.

పిల్లలమీద పెట్టకూడని బరువు ఒకటి ఉన్నది. "నాన్న మాత్ర మింగాడో లేదో చూసి చెప్పు" అని ఎనిమిదేళ్ళవాడిని కాపలా పెడతారు. మాత్ర సంగతి పెద్దవాళ్ళు చూసుకోవాలి. పిల్లవాడు ఆడుకోవాలి.

బాగున్నప్పుడే రాసి పెట్టుకునే కాగితం

ఇంటికి పంపేముందు మేము రోగితో, మీతో కూర్చొని ఒక కాగితం రాయిస్తాము. జబ్బు తిరిగి వచ్చేముందు ఆమెకు ముందుగా కనిపించే గుర్తులు ఏమిటి? ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉంటాయి. ఒకావిడకు వరుసగా రెండు రాత్రులు నిద్ర పట్టదు, మూడో రోజు అర్ధరాత్రి అన్నదమ్ములందరికీ ఫోన్లు చేస్తుంది. ఒకాయన స్నానం మానేస్తాడు. ఆ గుర్తు కనబడితే ఎవరికి ఫోను చేయాలి, ఆసుపత్రికి ఎవరు తీసుకురావాలి, పిల్లలు ఏ ఇంటికి వెళ్ళాలి, బడిలో ఏ టీచరుకు చెప్పాలి, పాప దేనిని పట్టుకొని నిద్రపోతుంది, బాబుకు ఏది తింటే పడదు, ఇవన్నీ రాస్తాము. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ మాటలు తల్లివే అయి ఉండాలి. "నాకు బాగోలేనప్పుడు నా పిల్లలు మా చెల్లి దగ్గర ఉండాలి" అని ఆమే చెబితే, రేపు అలా చేసినప్పుడు పిల్లలను లాక్కున్నారని ఆమె అనుకోదు. కాగితం బీరువా తలుపు లోపలివైపు అంటించుకోండి.

ఇంకొక సంగతి చెప్పడం కష్టమే, కాని చెప్పాలి. "నేను పోతే వీళ్ళనెవరు చూస్తారు, వీళ్ళనీ నాతో తీసుకుపోతాను" అనే మాట తల్లి నోటగాని, తండ్రి నోటగాని వస్తే బెదిరింపు అనుకొని కొట్టిపారేయవద్దు, ఎదురు తిట్టవద్దు. మనిషిని, పిల్లలను ఒంటరిగా వదలకుండా, పురుగుమందు, మాత్రల డబ్బా తాళంలో పెట్టి వెంటనే తీసుకురండి. అలాంటి ఆలోచన ఉందేమోనని మీకు అనుమానం వస్తే నేరుగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన రాదు. మేము వార్డులో ప్రతివారినీ అడుగుతాము, చాలామంది అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. రాత్రివేళ ఎవరితో మాట్లాడాలో తోచకపోతే టెలి మానస్ 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది, తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లలకే ఆపద ఉంటే 1098.

అప్పుడప్పుడు ఒక భర్తో, మామగారో వచ్చి, "ఈమె పిల్లలను పెంచలేదని ఒక సర్టిఫికెట్ రాసివ్వండి" అని అడుగుతారు. మానసిక జబ్బు ఉన్నదని నిర్ధారణ అయినంత మాత్రాన ఆ మనిషిని మతిస్థిమితం లేనివారిగా ఎంచకూడదని, అది న్యాయస్థానమే ప్రకటించాలని పైన చెప్పిన చట్టంలోనే ఉన్నది. ఆమె ఏ రోజు ఏమి చేయగలదో, ఏ సహాయం ఉంటే ఇంకేమి చేయగలదో, అది మాత్రం మేము చెప్పగలము.

డిశ్చార్జి రోజున బిల్లు కట్టేవారు ఒక్కరే వస్తుంటారు. ఇంట్లో పిల్లలకు అన్నం పెట్టి, పడుకోబెట్టేవారు ఎవరో వారిని కూడా ఆ రోజు వెంట తీసుకురండి. అరగంట ఎక్కువ పడుతుంది. కాగితం రాసేటప్పుడు వారే ఉండాలి.